ఎవరి కోసం అని అడిగే కొట్టు

ఎండుటాకుల వ్యాపారంలో సరుకు చూడడానికి ఒక పద్ధతి ఉంది. చిటికెడు తీసి అరచేతిలో నలిపి ముక్కు దగ్గర పెట్టుకోవాలి. ముఖం మామూలుగా ఉంచాలి. సరుకు బాగుంటే ఇంకా మామూలుగా ఉంచాలి.

ఆమె మా కొట్టుకొచ్చిన మొదటిరోజు ఇవేవీ చెయ్యలేదు. లావెండర్ మూట మూతి విప్పి తల మొత్తం లోపల పెట్టింది.

నేను త్రాసు దగ్గర ఉన్నాను. కస్టమర్ తల మూటలో ఉన్నప్పుడు కొట్టువాడు ఏమనాలో నాకెవరూ నేర్పలేదు. మిరియాలు కొంటున్న ఒక పెద్దాయన మూట వైపూ నా వైపూ చూసి, డాక్టర్‌ని పిలవాలా అన్నట్టు కనుబొమ్మలు ఎగరేశాడు. ఆగమని సైగ చేశాను.

కాసేపటికి తల బయటికొచ్చింది. ముక్కు మీద ఊదారంగు పొడి. కళ్ళు మూసుకునే గట్టిగా తుమ్మి, తర్వాత కళ్ళు తెరిచి నవ్వింది.

"చాలా బాగుంది" అంది.

కొనేవాళ్ళు అమ్మేవాడితో అనకూడని మాట అది. నేను ధర చెప్పాను. బేరానికి చోటుంచి చెప్పే ధరే చెప్పాను, అందరికీ చెప్పేదే. ఆమె సరేనంది. ఉండబట్టలేక, బేరం ఆడరా అని అడిగాను.

"ఈ ఆకుతో నేను చేసే పనికి బేరం పడదండీ. బేరమాడి తెచ్చిన ఆకు ముభావంగా ఉంటుంది."

"ఆకు ముభావంగా ఉంటుందా?"

"మీ అంత కాదు లెండి."

మూట భుజానికెత్తుకుని వెళ్ళిపోయింది. దూరం కాదు. మా కొట్టుకు సరిగ్గా ఎదురుగా గడియారాలు బాగుచేసే ఆయన ఖాళీ చేసిన ఇరుకు గదిలోకి.

ఆ రోజంతా నాకు మనసు కుదుటపడలేదు. బేరమాడని కస్టమర్ వెళ్ళిపోయాక, తక్కువ చెప్పానేమో అని వ్యాపారి బాధపడతాడు. అది ఆరోగ్యకరమైన బాధ. నాకు మాత్రం ఎక్కువ చెప్పానేమో అనిపించింది. ఇది మంచి లక్షణం కాదు. ఆమె మళ్ళీ వచ్చినప్పుడు, బేరానికి ఉంచే చోటు ఉంచకుండా ఉన్న ధరే చెప్పేశాను. ఆమెకు ఆ తేడా తెలియదు. నాకు తెలుసు, అంతే.

మా వీధిలో అసలు పేరుతో ఎవరూ మిగలరు. నన్ను తక్కెడ అంటారు. ఏ మాటకైనా జవాబు చెప్పేముందు అటొకసారి ఇటొకసారి చూస్తానట. ఆమెకు వారం తిరక్కుండానే మంత్రాలమ్మాయి అని పెట్టేశారు. ఆమె మొహం చిట్లించలేదు సరికదా, బోర్డు మీద ఏం రాయించాలో తెలియక ఊరుకున్నాను, ఇదే బాగుంది అందట. ఆ మాట నాకు మంగలాయన చెప్పాడు. వీధిలో ఏ సంగతైనా మొదట ఆయన కుర్చీలో కూర్చుంటుంది.

మంత్రాలంటే పెద్ద మంత్రాలేం కాదు. గోడ పొడవునా గాజు సీసాల్లో చామంతి, మరువం, పుదీనా, నిమ్మగడ్డి, గులాబీ రేకులు, వట్టివేరు. ఓ మూల స్టవ్వు, కెటిల్. ఇంకో మూల రేకు తొట్టి. రోజంతా నిలబడి జుట్టు కత్తిరించే మంగలాయన సాయంత్రం వెళ్ళి, రోజ్‌మేరీ ఆకు, ఉప్పు వేసిన వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చునేవాడు. కళ్ళు మండే కుట్టుపనావిడకి చామంతి నీళ్ళలో తడిపిన గుడ్డ. కొత్తింట్లో దిగినవాళ్ళకి గడప తుడవడానికి నిమ్మగడ్డి కాచిన నీళ్ళు, తలుపు మీద కట్టుకోవడానికి ఓ రోజ్‌మేరీ రెమ్మ. ఇంటర్వ్యూకి వెళ్ళే కుర్రాళ్ళకి జేబులో పెట్టుకోవడానికి పుదీనా పొట్లం. పొట్లానికి దారం ముడి వేసేటప్పుడు, ఆ మనిషికి ఏం కావాలో అది ఒకసారి పైకి అనేది. మంత్రమంటే అదే.

ఇది పనిచేస్తుందా అని ఒకసారి అడిగాను. సరుకు నాది కాబట్టి అడిగే హక్కుంది అనుకున్నాను.

"వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కాసేపు నోరు మూసుకుని కూర్చుంటే ఎవరికైనా పనిచేస్తుంది తక్కెడ గారూ. కాకపోతే అందులో రోజ్‌మేరీ వెయ్యకపోతే ఎవరూ కూర్చోరు."

ఆ మాటకు నేను ఎదురు చెప్పలేకపోయాను. ఒప్పుకోనూ లేదు.

ఆమె కొట్టుకి ఒక్కటే నియమం. ఏదడిగినా ముందు, ఎవరి కోసం అని అడుగుతుంది. జవాబు చెప్పనివాళ్ళకి అమ్మదు. ఆ మనిషి వయసేంటి, ఏం తింటే పడదు, ఎందుకు దిగులు, అన్నీ విన్నాకే సీసా మూత తీస్తుంది. మా వ్యాపారంలో దీనికి సరిగ్గా తలకిందులు. కొన్నవాడు ఆ ఆకుతో సబ్బు చేసుకుంటాడో టీ కాచుకుంటాడో మేం అడగం. అడిగితే అమర్యాద. ఎదురెదురు కొట్లు, ఒకే ఆకు, ఇన్ని తేడాలు. నేను గల్లా దగ్గర కూర్చుని ఇవన్నీ గమనిస్తూ ఉండేవాణ్ణి. ఎదుటి కొట్టు మీద ఓ కన్నేసి ఉంచడం వ్యాపారంలో భాగమేనని సర్దిచెప్పుకున్నాను.

నాకు సర్దిచెప్పుకునే అవకాశం లేకుండా చేసింది వాన.

మా సరుక్కి వాన కంటే పెద్ద శత్రువు లేదు. ఆ మధ్యాహ్నం అరుగు మీద మూటలు ఆరబెట్టి ఉన్నాయి. మబ్బు ఎక్కడా కనిపించలేదు. ఒక్కసారిగా కురిసింది. నేను టార్పాలిన్ ఒక కొస పట్టుకుని లాగుతున్నాను, రెండో కొస గాలికి ఎగిరిపోతోంది. ఎదురు కొట్టులోంచి ఆమె పరుగెత్తుకొచ్చి ఆ కొసను కాలితో తొక్కిపట్టింది. చేతులతో ఎందుకు పట్టుకోలేదంటే, రెండు చేతుల్లో తన దుప్పటి ఉంది. దాన్ని చామంతి మూట మీద కప్పింది.

టార్పాలిన్ కింద ఇద్దరం మూటల మధ్య ఇరుక్కుని కూర్చున్నాం. నెత్తిమీద వాన చప్పుడు. ఆమె జుట్టు చివర్ల నుంచి నీళ్ళు కారి నా మోచేతి మీద పడుతున్నాయి. తుడుచుకోవచ్చు. తుడుచుకోలేదు.

"ఏ మూట వాసన వస్తోందో చెప్పండి చూద్దాం" అంది.

"పుదీనా."

"అది ఆ పక్కన ఉంది. నేను ఈ పక్క అడుగుతున్నా."

ఈ పక్క ఆమె ఉంది. అటొకసారి ఇటొకసారి చూశాను. ఆమె నవ్వాపుకుంటూ, వీధివాళ్ళు ఊరికే పేరు పెట్టలేదు అంది.

ఇక మా అత్త సంగతి. నాన్నకి చెల్లెలు. అమ్మా నాన్నా పోయాక నన్నూ కొట్టునూ కలిపి పెంచింది. నేలమీద ఒక్క ఆకు రాలితే వంగి ఏరి సంచిలో వేసే మనిషి. వాన చినుకు పడకముందే, ఒరేయ్ మూటలు, అని లోపల్నుంచి కేకేసే మనిషి. ఆ మధ్యాహ్నం పంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళబట్టి గానీ, లేకపోతే మాకు టార్పాలిన్ కిందకి దూరే అవసరమే వచ్చేది కాదు.

అత్తకి కొన్నాళ్ళుగా నిద్ర పట్టడం లేదు. ఎందుకు పట్టడం లేదో తనే అన్నం దగ్గర చెప్పేది. నువ్వొక ఇంటివాడివైతే నాకు కునుకు పడుతుంది రా, ఏ సంగతీ తేల్చవు, సంబంధం తెస్తే అటూ ఇటూ చూస్తావు, నేను పడుకుని పైకప్పు చూస్తాను. ఇది రోజూ ఉండే కూరలాంటిది. రుచి గురించి ఆలోచించడం మానేశాను. కానీ ఆవిడ కళ్ళ కింద నలుపు చూస్తే బాధేసింది. ఎదురు కొట్టులో నిద్ర దిండ్లు అమ్ముతారని మంగలాయన ఎప్పుడో చెప్పాడు. తల కింద పెట్టుకునే దిండు పక్కన పెట్టుకునే, అరచెయ్యంత గుడ్డసంచి. లోపల ఆకులు. సరే అని వీధి దాటాను.

"నిద్రకి దిండు కావాలి" అన్నాను.

"ఎవరి కోసం?"

ఇక్కడ నా వృత్తి గురించి చెప్పాలి. కొనబోయినవాడు తన అసలు అవసరం బయటపెట్టకూడదు. పుదీనా కోసం వెళ్ళినవాడు ముందు చామంతి ధర అడగాలి. పుదీనా మీదకి చూపు పోకూడదు. ఇది నాకు నడక ఎంత అలవాటో అంత అలవాటు. నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఒక అమ్మాయికి" అన్నాను.

ఆమె చేతిలో సీసా మూత ఉంది. దాన్ని సీసా మీద పెట్టింది. మళ్ళీ తీసింది.

"ఎంత వయసు?"

"మీ వయసే ఉంటుంది."

"నిద్ర ఎందుకు పట్టదు?"

ఇక మీదట చెప్పినవన్నీ నిజాలే. అదే అసలు ఇబ్బంది.

"ఒకతని గురించి ఆలోచిస్తూ ఉంటుంది. అతను ఏ సంగతీ తేల్చడు."

"అతనెవరో మీకు తెలుసా?"

"తెలుసు. నేనే."

కెటిల్ కూత పెట్టింది. ఆమె వెళ్ళి స్టవ్వు ఆపి వచ్చింది. వచ్చాక గొంతు మామూలుగానే ఉంది. సరుకు చూసేటప్పుడు నేను ముఖం పెట్టుకునేంత మామూలుగా.

"ఆమె మీతో ఏమీ అనదా?"

"అంటుంది. రోజూ తిడుతుంది."

"ఒంట్లో ఇంకేమైనా బాధలున్నాయా?"

"కాళ్ళు చల్లబడతాయి. మోకాళ్ళ నొప్పులు."

"నా వయసుకే మోకాళ్ళ నొప్పులా?"

"వాళ్ళ వంశంలో ఉంది" అన్నాను.

ఆమె తల ఊపి, నావైపు వీపు పెట్టి పని మొదలుపెట్టింది. ఏ సీసాలు దించుతోందో నాకు కనిపించింది. రోజ్‌మేరీ, గులాబీ రేకులు, మరువం. చామంతి సీసా జోలికి పోలేదు. నిద్రకి చామంతి కదా అనుకున్నాను గానీ, ఒకరి కొట్టులో సరుకు గురించి మాట్లాడడం నాకు పడదు. ఎర్రదారంతో ముడి వేసింది. ముడి వేస్తూ ఏదో అంది. ఈసారి పైకి వినపడేలా అనలేదు.

అత్తకి ఆ దిండు వల్ల నిద్ర పట్టలేదు. ఇంకేదో పట్టింది. తెల్లవారకముందే లేచి అల్మారాలన్నీ సర్దింది. పెట్టె అడుగున దాచుకున్న ఆకుపచ్చ శాలువా తీసి కప్పుకుంది. నేను పుట్టాక ఎప్పుడూ వినని పాట ఒకటి కూనిరాగం తీసింది. అన్నిటికన్నా వింత, గోడ విషయంలో తగువై ఏళ్ళుగా మాట మానేసిన పక్కింటావిడ దగ్గరికి తనే వెళ్ళి, ఎలా ఉన్నావే అని పలకరించింది. ఇద్దరూ భోజనాల వేళ దాకా కబుర్లు చెప్పుకున్నారు. నేను ముక్కున వేలేసుకున్నాను.

సరుకు చెప్పిన పని చెయ్యకపోతే తిరిగి చెప్పడం ధర్మం. వెళ్ళి చెప్పాను.

"నిద్ర పట్టలేదా?" అంది ఆమె.

"లేదు. పాటలు పాడుతోంది."

"మంచిదేగా."

"నేను అడిగింది నిద్రకి."

ఆమె సీసా మూతలు తుడుస్తోంది. అప్పటికే శుభ్రంగా ఉన్నాయి. "ఆ అమ్మాయికి కావలసింది నిద్ర కాదు తక్కెడ గారూ. మీ ఎదుట నిలబడి తేల్చుకునే ధైర్యం. నేను అది కట్టాను. ఇవాళో రేపో ఆమె మిమ్మల్ని నిలదీస్తుంది. అటూ ఇటూ చూడకుండా జవాబు చెప్పండి."

అసలు సంగతి అప్పుడే చెప్పెయ్యాల్సింది. కానీ, కాదు, అది మా అత్త, అంటే వెంటనే మరి ఎందుకలా చెప్పారు అని అడుగుతుంది. దానికి జవాబు నాకే తెలియదు. వస్తానని చెప్పి వచ్చేశాను.

ఆ తర్వాత ఆమె మూటలో తల పెట్టడం మానేసింది. సరుక్కి వచ్చి, చిటికెడు తీసి, అరచేతిలో నలిపి, ముఖం మామూలుగా పెట్టింది. నేను ఉన్న ధర చెప్పాను.

"తగ్గించండి" అంది.

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఆమె బేరమాడుతోంది. బాగానే ఆడింది, వెళ్ళిపోతున్నట్టు వెనక్కి కూడా తిరిగింది. నేను తగ్గించలేదు. చివరికి నా ధరకే తీసుకుంది. బేరంలో గెలిచాను. నేను కొట్లో కూర్చున్నన్నాళ్ళలో అంత నష్టం వచ్చిన బేరం ఇంకొకటి లేదు.

మిగతాది మంగలాయన చెప్పాడు, నా గెడ్డానికి నురగ పూసి కదలకుండా చేశాక. కొండ మీద, ఆకులు వేసిన వేడినీళ్ళ స్నానాలు చేయించే హోటల్ ఒకటుంది. దాని యజమానురాలు మంత్రాలమ్మాయి కొట్టుకి రెండుసార్లు వచ్చి, తన దగ్గర పనికి రమ్మంది. అక్కడే ఉండడానికి గది, ఆకులు పెంచుకోవడానికి తోట, చేతికింద మనుషులు. కస్టమర్లని వెతుక్కోనక్కర్లేదు. మంచి ఆఫర్. మొదట్లో ఈ అమ్మాయి నవ్వి ఊరుకుందట. ఇప్పుడు మాత్రం ఆలోచించుకుని చెబుతానందట.

"ఇరుకు గది, తడి గోడలు. ఇక్కడ ఏముందని ఉంటుంది?" అన్నాడు మంగలాయన, కత్తి నా గొంతు మీద పెట్టి.

నేను లెక్క వేశాను. అది నాకు చేతనైన పని. అటు తోట, జీతం, గది. ఇటు ఏముంది? ఎదురుగా కూర్చుని రోజూ చూసే ఒకడు. వాడు చూస్తున్నాడని ఆమెకి తెలియదు. వాడికో అమ్మాయి ఉందని మాత్రం వాడే చెప్పాడు. ఎవరు తూచినా ముల్లు అటే మొగ్గుతుంది. ఆమె స్థానంలో నేనున్నా వెళ్ళిపోయేవాణ్ణి.

ఆ రోజు నుంచి నాకూ నిద్ర లేదు. పక్కగదిలో అత్త, ఈ గదిలో నేను, ఇద్దరం పైకప్పు చూసేవాళ్ళం. తేడా ఏంటంటే ఆవిడ కూనిరాగం తీసేది.

గుట్టు రట్టు చేసింది కూడా అత్తే. దిండులో వాసన తగ్గిందని, నాతో మాటమాత్రం చెప్పకుండా, ఆ గుడ్డసంచి పట్టుకుని తనే ఎదురు కొట్టుకి వెళ్ళింది. నేను గోడౌన్ నుంచి వచ్చేసరికి తిరిగి వచ్చేసి పీట మీద కూర్చుని ఉంది. పిల్ల బంగారం రా అంది. ఏమడిగింది అన్నాను, కాళ్ళు చల్లబడుతుంటే.

ఎవరి కోసం అని అడిగిందట. నా కోసమే తల్లీ, ఇది మావాడు తెచ్చిచ్చాడు, నిద్ర పడితే పడనీ లేకపోతే మాననీ, నాకు మళ్ళీ ఇదే కావాలి, ఇది పెట్టుకున్నప్పట్నుంచి నాకు ఎవరన్నా భయం లేదు, అని అత్త చెప్పిందట. ఆ అమ్మాయి ఎర్రదారం ముడి చాలాసేపు చూసి, మీకు మోకాళ్ళ నొప్పులున్నాయా అని అడిగిందట. మాయలు తెలిసిన పిల్లరా, నేను చెప్పకుండానే కనిపెట్టేసింది అని అత్త ఆశ్చర్యపోయింది.

సాయంత్రం, వీధి పల్చబడ్డాక, ఆమె వచ్చింది. చేతిలో పాత దిండు సంచి. దాన్ని నా త్రాసులో పెట్టింది. పళ్ళెం కిందకి దిగనైనా దిగలేదు.

"ఈ అమ్మాయిది నా వయసేనా?"

అత్త లోపల్నుంచి తొంగిచూసి, పరిస్థితి గమనించి, మళ్ళీ లోపలికి వెళ్ళింది. వినపడేంత దూరం మాత్రమే వెళ్ళింది.

"కొనేటప్పుడు అసలు అవసరం చెప్పకూడదు. అది మాకు అలవాటు" అన్నాను.

"మీ అత్తగారికి నిద్ర లేదంటే నేను ధర పెంచేదాన్నా?"

"కాదు."

"మరి?"

ఉన్న జవాబు చెబితే ఇంకో అవసరం బయటపడుతుంది. త్రాసు ముల్లు వైపు చూశాను.

"నేను మనిషిని బట్టి కడతానండీ. మీరు లేని మనిషిని చూపించి కట్టించుకెళ్ళారు. పెద్దావిడకి పడని ఆకు ఏదైనా వేసి ఉంటే ఏమయ్యేది? మీకది బేరం. నాకు అదొక్కటే పని." ఆమె గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. "హోటలావిడకి రేపు జవాబు చెప్పాలి. ఈలోగా నా గుమ్మం ఎక్కాలనుకుంటే నిజం పట్టుకుని ఎక్కండి. లేదంటే ఎక్కకండి."

వెళ్ళిపోయింది. అత్త బయటికొచ్చి దిండు సంచి తీసుకుంది.

"ఒరేయ్, ఆ పిల్ల కళ్ళు చూశావా?"

"కోపంగా ఉన్నాయి."

"నీకు సరుకు తప్ప ఏదీ చూడ్డం చేతకాదురా" అంది.

మర్నాడు పొద్దున మబ్బు పట్టి ఉన్నా మూటలు అరుగు మీద పెట్టాను. అలవాటు చొప్పున చేతులు పెట్టాయి. తర్వాత వీధి దాటాను. నేను ఏం చెప్పాలో చాలా రకాలుగా సిద్ధం చేసుకున్నాను, తక్కువ నుంచి మొదలుపెట్టి మెల్లగా పెంచుకుంటూ పోయేలా. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఒక్కటీ గుర్తు రాలేదు.

గదిలో సగం సీసాలు ఖాళీగా ఉన్నాయి. ఓ చెక్కపెట్టె మూత తెరిచి ఉంది. ఆమె తలెత్తింది.

"ఏం కావాలి?"

"నిద్రకి దిండు."

"ఎవరి కోసం?"

"నాకే."

"ఎందుకు పట్టడం లేదు?"

నా మెడ అటు తిరగబోయింది. ఆపాను.

"మీరు వెళ్ళిపోతారని" అన్నాను. "ఆ రోజు అమ్మాయి అన్నది అబద్ధం. మీ వయసే అని ఎందుకన్నానంటే, అమ్మాయి అనగానే నా కళ్ళముందుకి ఇంకెవరూ రాలేదు. మీరు మూటలో తల పెట్టి వెళ్ళాక, రెండోసారి వచ్చినప్పటి నుంచీ మీకు బేరం చోటు ఉంచకుండా ధర చెబుతున్నాను. అలా ఇంకెవరికీ చెప్పను. నాకు మీరు కావాలి. కాస్త తగ్గించి చెబుదామని పొద్దుట్నుంచి చూస్తున్నాను. చేతకావడం లేదు."

బయట చినుకులు మొదలయ్యాయి. ఆమె సీసాల వరస మొత్తం ఒకసారి చూసింది, నిజంగానే వెతుకుతున్నట్టు.

"దీనికి నా దగ్గర ఆకు లేదు" అంది.

నేను తల ఊపాను. సరుకు లేదంటే లేదు. వెనక్కి తిరగబోయాను.

"హోటలావిడకి రానని నిన్ననే చెప్పేశాను."

ఆగాను. "నిన్న ఎప్పుడు?"

"మీ అత్తగారు వచ్చి వెళ్ళాక."

"అంటే మీరు మా కొట్టుకి రాకముందే. మరి రేపు జవాబు చెప్పాలన్నారు."

"అన్నాను."

"ఈ పెట్టె?"

"గోడ తడిగా ఉంది. సీసాలు ఆ గోడకి మారుస్తున్నా."

"ముందే చెప్పొచ్చు కదా."

"అసలు సంగతి అవతలివాళ్ళకి ముందే చెప్పకూడదటగా" అంది. "ఎదురు కొట్టాయన దగ్గర నేర్చుకున్నా."

నన్ను బేరంలో ఇంత శుభ్రంగా ఓడించినవాళ్ళు లేరు. నాకు నవ్వొచ్చింది. ఆమె అప్పటికే నవ్వుతోంది. వాన జోరందుకుంది. గుమ్మంలోంచి ఆమె వీధి అవతలికి చూసింది.

"మూటలు తడుస్తున్నాయి. వెళ్ళు."

వెళ్ళండి అనలేదు. వెళ్ళు అంది. ఆ తేడా తూచడానికి నా దగ్గర రాయి లేదు. కదలకుండా నిలబడ్డాను.

ఎదురుగా మా కొట్టు గుమ్మంలోకి అత్త వచ్చింది, ఆకుపచ్చ శాలువాలో, కేక వెయ్యడానికి నోరు తెరుచుకుని. అరుగు మీద తడుస్తున్న మూటల వంక చూసింది. ఈ గుమ్మంలో నిలబడ్డ మా ఇద్దరి వంక చూసింది. ఒక్క ఆకు రాలినా వంగి ఏరే మనిషి, నోరు మూసుకుని, వచ్చినంత మెల్లగా లోపలికి వెళ్ళిపోయింది.

పుదీనా మూట పూర్తిగా నానిపోయింది. వీధి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా అదే వాసన. మంగలాయన కుర్చీలోవాణ్ణి సగం నురగతో వదిలేసి బయటికొచ్చి గాలి పీల్చాడట. నేను మాత్రం ఆ మూటను నష్టం కింద వెయ్యలేదు.

వాన వెలిశాక ఇద్దరం కలిసి వెళ్ళి చూశాం. పీట మీద గోడకి ఆనుకుని, దిండు పెట్టుకోకుండానే, అత్త గురక పెడుతోంది.